2016 నాటి లెటర్‌లో ఉన్న శాఖ ఇప్పుడు ఎక్కడుంది? ఐర్లాండ్ పల్లెలో పాత ఇల్లు, పెరట్లో మట్టిగట్టు

ఆథ్లోన్_వాసి:

అందరికీ నమస్కారం. ఐర్లాండ్ పల్లెల్లో పాత ఇల్లు కొన్నవాళ్ళు ఎవరైనా ఉంటే కాస్త దారి చెప్పండి, రెండు వారాలుగా టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు.

మేము ఆరేళ్ళుగా ఆథ్లోన్‌లో అద్దెకు ఉంటున్నాం. నాకు వారానికి రెండు రోజులే ఆఫీసు, మిగతా రోజులు ఇంటి నుంచే పని. మా ఆవిడ నర్సు. టౌన్‌లో ఇళ్ళ ధరలు మాకు అందేలా లేవని రాస్‌కామన్ కౌంటీ వైపు వెతికితే ఒక పాత రాతి ఇల్లు దొరికింది. సేల్ అగ్రీడ్ అయింది, కాంట్రాక్టు మీద ఇంకా సంతకం పెట్టలేదు. ఇల్లు నూట యాభై ఏళ్ళ నాటిదని ఏజెంట్ మాట, ఎనిమిదేళ్ళుగా ఎవరూ ఉండటం లేదు. గోడలు రెండడుగుల మందం, ఒక పక్క చెమ్మ దిగి పాచి పట్టింది, వెనక రెండు పశువుల కొట్టాలు, రెండెకరాల నేల. ఆ నేల చివర గుండ్రంగా ఒక మట్టిగట్టు ఉంది, దాని మీద అంతా ముళ్ళచెట్లు. మొదటిసారి చూసినప్పుడు మా పల్నాడులో ఉండే పాటిదిబ్బలాంటిదేమో అనుకున్నాను. పక్కింటి పెద్దాయన మాత్రం అది ఫెయిరీ ఫోర్ట్ అని, అంటే కంటికి కనపడని మాయమనుషులు ఉండే చోటని, ఆ చెట్ల జోలికి వెళ్ళొద్దని చాలా నెమ్మదిగా, నిజంగానే భయపడుతున్నట్టు చెప్పాడు.

అసలు సంగతి ఇది. సొలిసిటర్ (మా లాయరు) పంపిన పాత కాగితాల్లో 2016 నాటి లెటర్ ఒకటి ఉంది. పాత ఓనర్ వెనక వైపు గదులు వేసుకోవడానికి కౌంటీ కౌన్సిల్‌కి అప్లికేషన్ పెట్టుకుంటే, దాని మీద డబ్లిన్ ప్రభుత్వ శాఖ ఒకటి కౌన్సిల్‌కి రాసిన అభిప్రాయం అది. స్థలం పురావస్తు కట్టడం పరిధిలోకి వస్తుంది కాబట్టి ఆర్కియాలజిస్ట్ పరిశీలించేదాకా మట్టి తవ్వొద్దని రాశారు. ఆ తర్వాత ఆయన ఆ పని వదిలేసుకున్నట్టున్నాడు. లెటర్ మీద శాఖ పేరు డిపార్ట్‌మెంట్ ఆఫ్ ఆర్ట్స్, హెరిటేజ్, రీజినల్, రూరల్ అండ్ గేల్టాక్ట్ అఫైర్స్. వెతికితే ఆ పేరుతో ఇప్పుడు శాఖే లేదు. ఒక ఆఫీసుకి ఫోన్ చేస్తే ఇంకో ఆఫీసు అన్నారు, వాళ్ళు మూడో ఆఫీసు అన్నారు, మూడో చోట ఈమెయిల్ పెట్టమన్నారు, పది రోజులైనా జవాబు లేదు.

నేను ఎవరికి రాయాలి? ఆ గట్టు వల్ల ఇంటికి కొత్త గది వేసుకోలేమా, కనీసం సెప్టిక్ ట్యాంక్ మార్చుకోలేమా? ఖాళీ ఇళ్ళకి గ్రాంట్ ఇస్తారంటున్నారు, ఇలాంటి ఇంటికి వస్తుందా? ఇంటిదాకా వెళ్ళే సందు మొత్తం గుంతలు, దాన్ని ఎవరు బాగుచేస్తారు? ఇంకొకటి, శాఖ పేరులో ఆర్ట్స్ అని కూడా ఉంది కాబట్టి అడుగుతున్నాను, మా ఆవిడ కూచిపూడి నేర్చుకుంది, ఆ ఊరి కమ్యూనిటీ హాల్లో పిల్లలకి నేర్పాలని ఎప్పటినుంచో ఆశ. దానికి ఏదైనా సాయం ఉంటుందా?

సంతకానికి మూడు వారాలే టైముంది.

మట్టికోట_ఓరుగల్లు:

కంగారు పడకండి అన్నా. నేను గాల్వేలో ప్లానింగ్ కన్సల్టెన్సీలో పనిచేస్తున్నాను, ఇలాంటి ఫైళ్ళు నెలకి రెండు మూడు చూస్తాను. ముందుగా శాఖ సంగతి చెప్తాను, ఎందుకంటే ఇక్కడ పుట్టి పెరిగినవాళ్ళకి కూడా అది అయోమయమే.

1993లో ఆర్ట్స్, కల్చర్, గేల్టాక్ట్ కలిపి ఒక మంత్రిత్వ శాఖ పెట్టారు. మొదటి మంత్రి మైకేల్ డి. హిగిన్స్, తర్వాత దేశాధ్యక్షుడైన ఆయనే. గేల్టాక్ట్ అంటే ఐరిష్ భాష ఇంకా ఇళ్ళల్లో మాట్లాడుకునే ప్రాంతాలు, డొనెగాల్, మేయో, గాల్వే, కెర్రీ లాంటి కౌంటీల్లో ఉంటాయి. 1997లో అందులోకి హెరిటేజ్, దీవులు వచ్చాయి. 2002లో దాన్ని ముక్కలు చేశారు: కళలు క్రీడలతో, టూరిజంతో కలిశాయి, హెరిటేజ్ పర్యావరణ శాఖకి వెళ్ళింది, గేల్టాక్ట్ గ్రామీణ వ్యవహారాలతో కలిసింది. 2011లో కళలు, హెరిటేజ్, గేల్టాక్ట్ మళ్ళీ ఒక చోటికి చేరాయి. 2016లో వాటికి ప్రాంతీయ, గ్రామీణ వ్యవహారాలు కూడా తగిలించారు, హెదర్ హంఫ్రీస్ మంత్రి. మీ చేతిలో ఉన్న లెటర్ ఆ రోజులది. ఆ పేరు ఏడాది కాస్త పైన ఉందంతే. 2017 వేసవిలో లియో వరాద్కర్ ప్రధాని అయ్యాక గ్రామీణ వ్యవహారాలని తీసి రూరల్ అండ్ కమ్యూనిటీ డెవలప్‌మెంట్ అని వేరే శాఖ చేశారు. 2020లో హెరిటేజ్‌ని గృహనిర్మాణ శాఖలో కలిపారు, ఇప్పటికీ అక్కడే ఉంది, పూర్తి పేరు హౌసింగ్, లోకల్ గవర్నమెంట్ అండ్ హెరిటేజ్. 2025లో గేల్టాక్ట్ మళ్ళీ గ్రామీణ శాఖ పక్కకి చేరింది, కళలు సాంస్కృతిక, కమ్యూనికేషన్ల, క్రీడల శాఖలోకి వెళ్ళాయి. ముప్పై ఏళ్ళలో బోర్డులు ఇన్నిసార్లు మార్చారు, మార్చిన ప్రతిసారీ మీలాంటివాళ్ళు మూడు ఆఫీసుల చుట్టూ తిరుగుతున్నారు, అది నాకు నిజంగా బాధగా ఉంటుంది.

అయితే మీకు కావలసిన విభాగం మాత్రం బోర్డులు మారినా అలాగే ఉంది, దాని పేరు నేషనల్ మాన్యుమెంట్స్ సర్వీస్. 2016లో ఆ లెటర్ రాసింది ఆ శాఖలోని డెవలప్‌మెంట్ అప్లికేషన్స్ యూనిట్ అయి ఉండాలి, వెక్స్‌ఫర్డ్ నుంచి పనిచేస్తారు, పురావస్తు కట్టడం దగ్గర ఎవరు ప్లానింగ్‌కి పెట్టుకున్నా కౌన్సిల్ వాళ్ళ అభిప్రాయం అడుగుతుంది. ఇప్పుడూ అదే పద్ధతి. లెటర్ మీద రిఫరెన్స్ నంబర్ ఉంటుంది చూడండి, దాన్నీ, కౌన్సిల్ ప్లానింగ్ ఫైల్ నంబర్‌నీ రాస్తే వాళ్ళకి వెంటనే దొరుకుతుంది. శాఖ పేరు తప్పు రాసినా ఫరవాలేదు.

ఇక మీ గట్టు. మా ఓరుగల్లు మట్టికోట చూశారా? రాతికోట చుట్టూ గుండ్రంగా మట్టితో పోసిన పెద్ద కట్ట. దాన్ని చిన్నది చేసి, ఒక రైతు కుటుంబం ఇంటి చుట్టూ పెట్టినట్టు ఊహించుకోండి, మీ పక్కింటాయన ఫెయిరీ ఫోర్ట్ అన్నది అంతే, దాని అసలు పేరు రింగ్‌ఫోర్ట్. ఇక్కడివాళ్ళు రా అనీ, లిస్ అనీ అంటారు, రాత్‌మైన్స్, లిస్మోర్ లాంటి ఊరి పేర్లు అక్కడినుంచి వచ్చినవే. చాలావరకు క్రీ.శ. 500 నుంచి 1000 మధ్య కట్టుకున్నవి. లోపల ఇల్లు, రాత్రి పూట పశువులు, బయట కందకం. దేశం మొత్తం మీద 40,000కి పైనే ఉంటాయి, రాస్‌కామన్‌లో ఎటు వెళ్ళినా ఒకటి తగులుతుంది. మీరు కొనే చోటికి దగ్గర్లో, టల్స్క్ పక్కన రాత్‌క్రోగన్ ఉంది, కొన్ని చదరపు కిలోమీటర్ల నేలలో 200కి పైగా పురాతన స్థలాలు, పాత ఐరిష్ గాథల్లోని మేవ్ రాణి కథలన్నీ అక్కడివే. ఒక ఆదివారం వెళ్ళి చూడండి, ఆ పెరటి గట్టు మీద మీ చూపే మారిపోతుంది.

మన దగ్గర కేంద్ర పురావస్తు శాఖ రక్షిత కట్టడం అయితే 100 మీటర్లలోపు కొత్త నిర్మాణం నిషేధం, ఆపైన ఇంకో 200 మీటర్లు అనుమతి కావాలి. ఇక్కడ రికార్డులో ఉన్న మామూలు రింగ్‌ఫోర్ట్ చుట్టూ అంత గట్టి నిషేధం లేదు. మ్యాప్ మీద దాని చుట్టూ ఒక పరిధి గీసి ఉంటుంది. రికార్డులో ఉన్న కట్టడం దగ్గర పని చేయాలంటే మంత్రికి రెండు నెలల ముందు రాతపూర్వకంగా నోటీసు ఇవ్వాలని 1994 చట్టం చెప్తుంది. 2023లో కొత్త హెరిటేజ్ చట్టం వచ్చింది, దాన్ని విడతలుగా అమల్లోకి తెస్తున్నారు, కాబట్టి మీరు నోటీసు ఇచ్చే రోజుకి ఏ పద్ధతి నడుస్తోందో నేషనల్ మాన్యుమెంట్స్ సర్వీస్‌నే అడగండి. హిస్టారిక్ ఎన్విరాన్‌మెంట్ వ్యూయర్ అని వాళ్ళ మ్యాప్ ఆన్‌లైన్‌లో ఉంది, మీ టౌన్‌ల్యాండ్ (పల్లెల్లో నేలని పంచిన చిన్న విభాగం) పేరు కొడితే గట్టు ఎర్ర చుక్కగా కనిపిస్తుంది, దాని మీద నొక్కితే రికార్డ్ నంబర్, పాత వివరణ వస్తాయి. ఆ పేజీ ప్రింట్ తీసి సొలిసిటర్‌కి ఇవ్వండి.

ఒక్క విషయం మాత్రం మర్చిపోకండి. అందరూ గది గురించే ఆలోచిస్తారు, దెబ్బ తగిలేది సెప్టిక్ ట్యాంక్ దగ్గర. కొత్త ట్యాంక్‌కి నేల పరీక్ష చేయాలి, దానికి గొయ్యి తవ్వుతారు, నీళ్ళు ఇంకే పొరకి ఇంకా పెద్ద జాగా కావాలి, ఇంటి ముందు చోటు లేకపోతే అది గట్టు వైపే వెళ్తుంది. ఆ పరీక్ష గొయ్యి కూడా ఆ పరిధిలో ఉంటే తవ్వకమే. ఎటు వైపు వేయొచ్చో ఆర్కియాలజిస్ట్‌ని అడిగాకే జేసీబీని పిలవండి. మెటల్ డిటెక్టర్ పట్టుకుని సరదాగా వెతకడం కూడా అనుమతి లేకుండా నేరం, పిల్లలకి కొనిపెట్టకండి.

సున్నపుగోడ:

మేయోలో అచ్చం ఇలాంటి ఇల్లే నాలుగేళ్ళ కిందట కొన్నాం, మాకు గట్టు లేదు, గబ్బిలాలు ఉన్నాయి. పైన ఆయన చెప్పింది అక్షరాలా నిజం, నేను డబ్బు సంగతి, ఇంటి సంగతి చెప్తాను.

వేకెంట్ ప్రాపర్టీ గ్రాంట్ మీకు వర్తించేలానే ఉంది. ఇల్లు 2007లోగా కట్టినదై ఉండాలి, కనీసం రెండేళ్ళు ఖాళీగా ఉండాలి, మీదానికి ఎనిమిదేళ్ళు. ఖాళీ ఇంటికి 50,000 యూరోల దాకా, శిథిలమైందని తేలితే 70,000 దాకా. కొనకముందే, బేరం నడుస్తోందని ఏజెంట్ దగ్గర కాగితం తీసుకుని అప్లై చేసుకోవచ్చు. ఖాళీగా ఉందని చూపడానికి కరెంటు బిల్లులు అడుగుతారు, అవి పాత ఓనర్ వైపు నుంచి ఇప్పుడే తెప్పించుకోండి, సంతకాలయ్యాక ఎవరూ ఫోన్ ఎత్తరు. డబ్బు పని పూర్తయ్యాకే వస్తుంది, కాబట్టి మధ్యలో మీ చేతిలోంచి పెట్టుకోవాలి, మేము ఇక్కడే చాలా ఇబ్బంది పడ్డాం, ఊర్లో బంగారం కుదువ పెట్టాల్సి వచ్చింది. ఐదేళ్ళలోపు అమ్మితే మొత్తం తిరిగి కట్టాలి, ఐదు నుంచి పదేళ్ళ మధ్యలో అయితే 75 శాతం. ముఖ్యంగా, కౌన్సిల్ ఒప్పుకునే ముందు ఒక్క రాయి కూడా కదపకండి, ముందే మొదలుపెట్టిన పనికి ఇవ్వరు.

ఇప్పుడు ఆ పచ్చటి గోడ. దయచేసి సిమెంటు పూయించకండి. మాకు వచ్చిన మేస్త్రీ మంచివాడే, కానీ కొత్త ఇళ్ళు కట్టే అలవాటు, పడమటి గోడకి సిమెంటు ప్లాస్టర్ వేసేశాడు. మొదటి చలికాలం ఏమీ తెలియలేదు. రెండో చలికాలానికి లోపలి వైపు చెమ్మ నడుం ఎత్తుకి వచ్చింది, మా చిన్నదానికి దగ్గు తగ్గేదే కాదు. ఈ గోడలు సున్నంతో కట్టినవి, తడి పీల్చుకుంటాయి, గాలికి ఆరిపోతాయి, సిమెంటు ఆ దారి మూసేస్తుంది. మొత్తం గీకించి మళ్ళీ సున్నం పూయించాం. మా తాతగారి ఇల్లు గానుగ సున్నంతో కట్టింది, వంద ఏళ్ళయినా గోడ చల్లగా, పొడిగా ఉండేది, ఆ మాట నాకు ముందే గుర్తు రావాల్సింది. సున్నం పని తెలిసినవాళ్ళు ఇక్కడ తక్కువ, ఆరు నెలల ముందే మాట్లాడుకోవాలి.

దీనికి మీ కౌన్సిల్‌లో ఇద్దరిని కలవండి. హెరిటేజ్ ఆఫీసర్ ఒకరు, కన్జర్వేషన్ ఆఫీసర్ ఒకరు. హెరిటేజ్ ఆఫీసర్లు దాదాపు అన్ని కౌంటీల్లో ఉన్నారు, కిల్కెన్నీలో ఉండే హెరిటేజ్ కౌన్సిల్ ఆ ఏర్పాటు చేసింది. నా అనుభవంలో డబ్లిన్‌కి పది ఈమెయిళ్ళు పెట్టేకంటే కౌంటీ హెరిటేజ్ ఆఫీసర్‌తో అరగంట మాట్లాడటం మేలు. మా ఆవిడ ఇంటి ఫోటోలు పట్టుకుని వెళ్తే, ఆ హెరిటేజ్ ఆఫీసర్ తర్వాత వారమే వచ్చి కిటికీ చెక్కలు చూసి ఇవి మార్చకండి, బాగుచేయించుకోండి అని చెప్పింది. మీ ఇల్లు ప్రొటెక్టెడ్ స్ట్రక్చర్ల (చట్టరక్షణ ఉన్న కట్టడాల) జాబితాలో ఉందేమో కూడా వాళ్ళే చూసి చెప్తారు. ఉంటే ప్లానింగ్ చట్టం సెక్షన్ 57 కింద ఏ పని చేయొచ్చో రాసిమ్మని కౌన్సిల్‌ని అడగొచ్చు, దానికి ఫీజు లేదు. బిల్ట్ హెరిటేజ్ ఇన్వెస్ట్‌మెంట్ స్కీమ్ అని పాత కట్టడాల రిపేర్లకి వేరే గ్రాంట్ కూడా ఏటా ఉంటుంది, పోటీ ఎక్కువ. వెనక గదులకి మామూలుగా 40 చదరపు మీటర్ల దాకా ప్లానింగ్ అక్కర్లేదు, కానీ పురావస్తు స్థలం దగ్గర ఆ వెసులుబాటు ఉండకపోవచ్చు, అదే చట్టం సెక్షన్ 5 కింద కౌన్సిల్‌ని అడిగి రాతపూర్వకంగా తీసుకోండి. నేను కట్టినప్పుడు దానికి 80 యూరోలు.

గబ్బిలాల సంగతి ఎందుకంటే, ఎనిమిదేళ్ళు ఖాళీగా ఉన్న ఇంటి అటకలో, కొట్టాల్లో అవి ఉండే అవకాశం ఎక్కువ. వాటికి చట్టరక్షణ ఉంది. ఉంటే లైసెన్స్ కావాలి, పిల్లలు పెట్టే కాలంలో కప్పు ముట్టుకోవడానికి లేదు. మాకు దానివల్ల కప్పు పని నాలుగు నెలలు ఆగింది. అలాగే కంచెలు, పొదలు మార్చి 1 నుంచి ఆగస్టు 31 దాకా కొట్టకూడదు, పక్షులు గూళ్ళు పెడతాయి. ఇక్కడ హెరిటేజ్ అంటే రాళ్ళే అనుకుంటాం, పిట్టలు, గబ్బిలాలు కూడా అందులోకే వస్తాయి, అవి చూసే నేషనల్ పార్క్స్ అండ్ వైల్డ్‌లైఫ్ సర్వీస్ కూడా ఇప్పుడు అదే గృహనిర్మాణ శాఖలో ఉంది.

మీ సందు కౌన్సిల్ రోడ్డు కాకపోతే లోకల్ ఇంప్రూవ్‌మెంట్ స్కీమ్ అడగండి. డబ్బు గ్రామీణ శాఖది, పని కౌన్సిల్ చేయిస్తుంది, ఆ దారి వాడుకునే ఇళ్ళవాళ్ళు కొంత వాటా వేసుకోవాలి. ఒక్కరు అడిగితే కాదు, పక్కవాళ్ళతో కలిసి అడగాలి.

గజ్జెలసవ్వడి:

అక్క డాన్స్ గురించి ఎవరూ చెప్పలేదు కాబట్టి నేను చెప్తాను. నేను క్లేర్ కౌంటీలో ఒక చిన్న టౌన్‌లో ఐదేళ్ళుగా పిల్లలకి కూచిపూడి నేర్పుతున్నాను. మొదట్లో ముగ్గురే, ముగ్గురూ మనవాళ్ళే. ఇప్పుడు పంతొమ్మిది మంది, అందులో పదకొండు మంది ఐరిష్ పిల్లలు. తరంగం ఇత్తడి పళ్ళెం మీద చేసి చూపించిన రోజు ఊరి హాల్లో ఆ నిశ్శబ్దం నేనెప్పుడూ మర్చిపోలేను.

డబ్లిన్ శాఖకి రాయాల్సిన అవసరం లేదు. ప్రతి కౌంటీ కౌన్సిల్‌లో ఆర్ట్స్ ఆఫీస్ ఉంటుంది, 2003 ఆర్ట్స్ చట్టం ప్రకారం కౌన్సిళ్ళు కళల ప్రణాళిక తయారు చేయాలి. ముందు ఆర్ట్స్ ఆఫీసర్‌ని కలిసి, నేనిది నేర్చుకున్నాను, ఇంతమంది పిల్లలున్నారు అని చెప్పుకోవాలి. సెప్టెంబర్‌లో కల్చర్ నైట్ ఉంటుంది, ఆ రోజు దేశమంతా ఉచిత కార్యక్రమాలు, మేము మొదట అందులో పదిహేను నిమిషాలు చేశాం, అక్కడే హాల్ కమిటీవాళ్ళు చూసి తర్వాత వారానికి ఒక సాయంత్రం హాల్ తక్కువ అద్దెకి ఇచ్చారు. పెద్ద గ్రాంట్లు ఆర్ట్స్ కౌన్సిల్ ఇస్తుంది, 1951 నుంచి ఉన్న సంస్థ, కానీ వాళ్ళు కళాకారిణిగా మీ పనిని చూస్తారు, ట్యూషన్ క్లాసుకి ఇవ్వరు. 2022లో కళాకారులకి బేసిక్ ఇన్‌కమ్ పథకం మొదలుపెట్టినప్పుడు 2,000 మందికి వారానికి 325 యూరోలు ఇచ్చారు, దరఖాస్తులు ఎక్కువ రావడంతో లాటరీ తీశారు, నాకు రాలేదు. అయినా ప్రభుత్వం ఒక నర్తకి వారం ఎలా గడుస్తుందని ఆలోచించిందని చదివి ఆ రోజు కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

శాఖల్ని కలపడం, మార్చడం అంతా తిప్పలే అన్నట్టున్న మట్టికోట గారి మాట ఒక్కటి మాత్రం నేను ఒప్పుకోను. 2016లో కళల్ని గ్రామీణ వ్యవహారాలతో కలిపినప్పుడు ఇక్కడి కళాకారులు చాలామంది బాధపడ్డారు, కళలకి పూర్తి మంత్రి లేకుండా పోయారన్నారు, వాళ్ళ బాధ నాకర్థమవుతుంది. కానీ నేనుండేది పల్లెలో. ఇక్కడ హాల్ కప్పు కారితే డాన్స్ ఆగిపోతుంది, బస్సు లేకపోతే పిల్ల రాదు, ఐరిష్ భాషలో పాడే పెద్దావిడ పోతే ఆ పాట పోతుంది. ఇవన్నీ ఒకే మంత్రి బల్ల మీద ఉంటే మంచిదే అనిపిస్తుంది. ఇప్పుడు హాల్ కప్పుకి గ్రామీణ శాఖ, అందులో ఆడే నాట్యానికి ఇంకో శాఖ, హాల్ పాత కట్టడం అయితే మూడో శాఖ. మా హాల్ కమిటీ సెక్రటరీ రిటైర్డ్ టీచర్, ఈ ఫారాలు నింపడానికే ఆయనకి శీతాకాలం అంతా సరిపోతుంది.

మట్టికోట_ఓరుగల్లు:

మీరన్నదాంట్లో న్యాయం ఉందండీ. నేను ఫైళ్ళ వైపు నుంచి చూస్తున్నాను, మీరు హాల్ వైపు నుంచి. నా భయం వేరే. అన్నీ ఒక చోట కుక్కినప్పుడు బడ్జెట్ ముందుగా రోడ్లకి, ఉద్యోగాలకి వెళ్తుంది. 2017 జనవరిలో ఆ శాఖ గ్రామీణాభివృద్ధి ప్రణాళిక ప్రకటించింది, అందులో 276 చర్యలున్నాయి, మీరే చెప్పండి, అంత పెద్ద జాబితాలో ఒక మట్టిగట్టు గురించి అడిగేవాడెవరు? అది పడిపోయినా ఎవరి ఓటూ పోదు. హెరిటేజ్‌కి తనకంటూ ఒక శాఖ, వేరే బడ్జెట్ ఉండాలని నా కోరిక, గృహనిర్మాణ శాఖలో చివరి మాటగా ఉండటం నాకు నచ్చదు, ఇళ్ళ కొరత ఉన్న దేశంలో ఆ మంత్రికి మిగతా వాటికి టైమెక్కడిది. మా ఓరుగల్లులో మట్టికోట మీద ఇళ్ళు ఎలా లేచాయో చిన్నప్పటినుంచి చూసినవాణ్ణి, అందుకే ఈ పట్టుదల.

ఆథ్లోన్ అన్నకి ఇంకో చిన్న సలహా. మీ టౌన్‌ల్యాండ్ పేరు డూఖస్ వెబ్‌సైట్‌లో వెతకండి. 1937 నుంచి 1939 దాకా ప్రభుత్వం దేశమంతా బడిపిల్లల చేత వాళ్ళ ఊరి కథలు తాతముత్తాతల్ని అడిగించి నోటు పుస్తకాల్లో రాయించింది. దాదాపు 5,000 బడులు. అవన్నీ స్కాన్ చేసి పెట్టారు. మీ గట్టు కథ ఉన్నా ఉండొచ్చు. పక్కింటి పెద్దాయన మాటని కూడా తేలిగ్గా తీసుకోకండి. ఇన్ని వేల రింగ్‌ఫోర్ట్‌లు వెయ్యేళ్ళు నిలబడ్డాయంటే పాత కట్టడాల రక్షణకి 1930 చట్టం రాకముందు వాటిని కాపాడింది ఆ భయమే. 1999లో క్లేర్‌లో లాటూన్ దగ్గర ఒక ఫెయిరీ చెట్టు కొట్టొద్దని కథలు చెప్పే ఎడ్డీ లెనిహన్ పోరాడితే రోడ్డువాళ్ళు ఆ చెట్టుని ఉంచి పక్కనుంచి రోడ్డు వేశారు.

ఆథ్లోన్_వాసి:

ఆలస్యంగా రాస్తున్నాను, క్షమించండి, ఈ పన్నెండు రోజులూ మీరు చెప్పినవన్నీ ఒక్కొక్కటిగా చేశాం.

మ్యాప్‌లో గట్టు దొరికింది. రింగ్‌ఫోర్ట్ అనే రాసుంది, ఇంటి వెనక గోడ ఆ పరిధికి కొద్దిగా బయట, కొట్టాల్లో ఒకటి మాత్రం లోపల. కౌన్సిల్ హెరిటేజ్ ఆఫీసర్‌కి ఫోన్ చేస్తే మొదటి రింగుకే ఎత్తారు. శుక్రవారం కలిశాం. 2016 లెటర్ చూసి, వెనక వైపు కాకుండా తూర్పు పక్క గది వేసుకుంటే ఆర్కియాలజిస్ట్ పని చాలా తేలికవుతుందని, ట్యాంక్‌కి ఇంటి ముందు తోట వైపు నేల పరీక్ష చేయించమని చెప్పారు. నేషనల్ మాన్యుమెంట్స్ సర్వీస్‌కి రిఫరెన్స్ నంబర్ వేసి రాస్తే నాలుగో రోజు జవాబు వచ్చింది. సొలిసిటర్ కాంట్రాక్టులో ఒక షరతు పెట్టించారు, ట్యాంక్‌కి చోటు దొరకదని పరీక్షలో తేలితే మేము వెనక్కి తగ్గొచ్చు. పాత ఓనర్ కుటుంబం కరెంటు బిల్లులు కూడా ఇచ్చారు.

సున్నపుగోడ గారూ, సిమెంటు మాట మీరు చెప్పకపోతే మేము కచ్చితంగా అదే చేసేవాళ్ళం, కొటేషన్ కూడా తీసుకున్నాం. పాపకి దగ్గు ఇప్పుడు తగ్గిందా?

డూఖస్‌లో పక్క ఊరి బడి పుస్తకం దొరికింది. మా గట్టు గురించి లేదు. ఐదో తరగతి పిల్ల ఒకరు తమ పొలంలో ఉన్న ముళ్ళచెట్టు కొట్టిన మనిషికి చెయ్యి వాచిపోయిందని వాళ్ళ అమ్మమ్మ చెప్పిన కథ రాసింది, గుండ్రటి అక్షరాలు, కొట్టివేత ఒక్కటీ లేదు. మా అమ్మ ఫోన్లో అది విని, మన ఊర్లో పాటిదిబ్బ మీది వేపచెట్టు గురించి మీ నాయనమ్మ ఇదే చెప్పేది కదరా అంది. ఆ దిబ్బ ఇప్పుడు లేదు, నా చిన్నప్పుడే ఎడ్లబండ్ల మీద పాటిమట్టి పొలాలకి తోలేశారు, కుండపెంకులు మా కాళ్ళకి గుచ్చుకునేవి, ఎవరూ ఒక్కటి కూడా దాచలేదు.

గజ్జెలసవ్వడి గారూ, మా ఆవిడ మీతో మాట్లాడాలంటోంది, మెసేజ్ పెట్టాను చూడండి. ఆర్ట్స్ ఆఫీసర్ వచ్చే నెల మొదటి వారంలో రమ్మన్నారు, వీడియో ఒకటి తీసుకురమ్మన్నారు. ఏ అంశం చూపిస్తే బాగుంటుంది, తరంగమా, చిన్న శబ్దమా?

గజ్జెలసవ్వడి:

శబ్దం చాలు, ఐదు నిమిషాల్లోపు. ఇత్తడి పళ్ళెం కూడా పట్టుకెళ్ళమనండి, వీడియో చూశాక తప్పకుండా అడుగుతారు. ఆఫీసు నేల కార్పెట్ అయితే పళ్ళెం జరగదు, కారిడార్‌లో చేసి చూపించమనండి.

సున్నపుగోడ:

తగ్గిందండీ, రెండు చలికాలాలుగా మళ్ళీ రాలేదు. సున్నం మేస్త్రీ నంబర్ మెసేజ్‌లో పెడుతున్నాను, ఆయన గాల్వే నుంచి రాస్‌కామన్ కూడా వస్తాడు. ఇవాళే ఫోన్ చేయండి, గడ్డకట్టే చలి మొదలయ్యాక సున్నం పని చేయరు.